నడపడానికే పుట్టిన బండి

ప్రయాణానికి ఎడ్లబండి, ఊరేగింపుకు రథం యెరిగిన మనకు, కేవలం నడిపే ఆనందం కోసమే ఒక కారు అంటే వింతగా తోస్తుంది. అమెరికాలో షెవ్రొలే కంపెనీవారు 1953లో మిషిగన్ రాష్ట్రపు ఫ్లింట్ పట్టణంలో అటువంటి రెండు సీట్ల కారును తయారుచేశారు. పేరు కార్వెట్. రేకుకు బదులు ఫైబర్‌గ్లాసుతో చేసిన పైతొడుగు దాని విశేషం. ఆ యేడు తయారైనవి 300 మాత్రమే. ఆరు సిలిండర్ల యింజనుతో మొదలై, 1955లో ఎనిమిది సిలిండర్లది అమర్చాక గాని అది పందెపు గుర్రం కాలేదు.

మన బెంగుళూరుకూ యీ ముచ్చట వున్నది. 1982లో ఇక్కడి సన్‌రైజ్ సంస్థవారు డాల్ఫిన్ అనే రెండు తలుపుల చిన్నకారు తెచ్చారు. నమూనా ఇంగ్లండు రిలయంట్ కంపెనీది. యింజను 848 సి.సి.; పైతొడుగు ఫైబర్‌గ్లాసే. తేలికైనది గనుక మద్రాసు చెంత షోలవరం పందాలకు వెళ్లే కుర్రకారు దానిని మెచ్చారు. 1983 డిసెంబరులో నాలుగు తలుపుల మారుతి వచ్చాక, సంసారులు అటు మళ్లారు.

ఫైబర్‌గ్లాసు తుప్పుపట్టదు. కాని తిప్పని యింజను బిగుసుకుపోతుంది. పాతబండి వున్నవారు ముసుగు తీసి, యీ ఉగాదినాడైనా పిల్లలను ఎక్కించి తిప్పండి. దారిపొడుగునా తెలుగులో మాట్లాడండి. దానికీ వాడుకే ప్రాణం.