జావా నోట్సు: ముప్పయ్యేళ్ల సింహావలోకనం

బిచ్కుంద 2016 దాకా నిజామాబాద్ జిల్లాలోది, ఇప్పుడు కామారెడ్డి జిల్లాలోది. అటు మహారాష్ట్ర, ఇటు కర్ణాటక కూతవేటు దూరం. ఇలాంటి ఊళ్ల నుంచి డిగ్రీ అయిన పిల్లలు సంగారెడ్డి దారిన హైదరాబాద్ వచ్చి, అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల హాస్టల్ వెతుక్కోవడం ఎన్నాళ్లుగానో నడుస్తున్నదే. చేతికి మొదట వచ్చేది జావా ప్రోగ్రామింగ్ భాష జెరాక్స్ నోట్సు. అందులో సిద్ధాంతం కన్నా పని జరిపించే కిటుకులే ఎక్కువ. వాటిలో చాలావాటిని ఇప్పుడు జావానే మింగేసింది.

జావాకు పునాదైన క్లాసు, ఆబ్జెక్టు, వారసత్వం పుట్టింది ఓస్లోలో. క్యూలు, రద్దీ లాంటివాటిని కంప్యూటర్‌లో నడిపి చూడాలని దాల్, నైగార్డ్ తయారుచేసిన సిములా 67లో ఈ మూడూ ఉన్నాయి. 1970లలో అలన్ కే బృందం స్మాల్‌టాక్ చేసింది, అదీ జెరాక్స్ కంపెనీ పరిశోధనశాలలోనే! సిములా పొందికకు సీ వేగం కలపాలని స్ట్రౌస్ట్రప్ 1979లో మొదలుపెట్టింది 1985లో సీ ప్లస్ ప్లస్‌గా మార్కెట్‌కొచ్చింది. 1994లో నలుగురు రచయితలు తరచూ ఎదురయ్యే చిక్కులకు పరిష్కార నమూనాలైన 23 డిజైన్ ప్యాటర్న్‌లను పుస్తకంగా కూర్చారు. మరుసటేడు జావాను ప్రకటించారు, 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాయి.

అప్పటి నోట్సులో ఏముండేది? లూపులో ప్లస్ గుర్తుతో స్ట్రింగులు అతికించకు, ప్రతిసారీ కొత్త స్ట్రింగ్ పుడుతుంది, స్ట్రింగ్‌బఫర్ వాడు. డేటాబేస్ కనెక్షన్‌ను ఫైనల్లీలో మూసెయ్, మరిచిపోతే సర్వర్ నిలిచిపోతుంది. తేదీలతో జాగ్రత్త: డేట్ క్లాసులో జనవరి సున్నా, సంవత్సరం 1900 నుంచి లెక్క. ఎందరి ఉద్యోగాలకు ఈ మూడో చిక్కు గండంగా మారిందో!

ఒక్కొక్కటే సర్దుకుంది. 2004లో జావా 5 జాబితా మీద తిరిగే తేలికైన లూపు తెచ్చాక ఇటరేటర్ ప్యాటర్న్ చేత్తో రాసే పని తప్పింది. 2011 నుంచి ట్రై కుండలీకరణంలో తెరిచిన కనెక్షన్ తానే మూసుకుంటుంది. 2014లో లాంబ్డా రాగానే, స్ట్రాటజీ ప్యాటర్న్ కోసం రాసే బుల్లి క్లాసులు ఒక్క వరుసకు కుదించుకుపోయాయి. తేదీల లెక్కా ఆ ఏడాదే దారికొచ్చింది. 2021లో రికార్డులు స్థిరపడ్డాక ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ రాసే చాకిరీ చాలావరకు తగ్గింది.

భాష మింగలేనిది వారసత్వం ఎక్కడ వద్దో చెప్పే వివేకం. ప్యాటర్న్‌ల పుస్తకం రాసిన ఆ నలుగురూ 1994లోనే హెచ్చరించారు: వారసత్వం కన్నా ఆబ్జెక్టులను కలిపి వాడే కూర్పు మేలని. రెండేళ్లకు వచ్చిన జావా మొదటి వెర్షన్‌లోనే స్టాక్ క్లాసును, ఎక్కడైనా చొప్పించే వీలున్న వెక్టర్‌కు వారసుణ్ణి చేశారు. పైనుంచే పెట్టి పైనుంచే తీయాల్సిన దొంతరలో, మధ్యలో ఎవరైనా దూర్చే వీలు కలిగింది. పాత ప్రోగ్రాములు ఆగిపోతాయని దాన్ని తీసెయ్యలేక, 2006లో పక్కన అర్రేడెక్ పెట్టి, కొత్తగా రాసేవాళ్లు దాన్నే వాడుకోమని డాక్యుమెంటేషన్‌లో రాసి ఊరుకున్నారు.