రైలుబండియు మజిలీలును

‘మజిలీ’ యను మాట అరబ్బీ ‘మంజిల్’ నుండి హిందూస్థానీ ద్వారమున మన భాషకు వచ్చినది. దినప్రయాణము ముగించి బండి విప్పెడు చోటు మజిలీ. అచట బావి యుండవలెను, వంటచెఱకు దొరకవలెను, ఎద్దులకు గడ్డి కావలెను, దొంగల భయము లేకుండవలెను. మధిర సుబ్బన్న దీక్షితులుగారు తమ కథలకు కాశీమజిలీ కథలని పేరిడుటలో మంచి లోకజ్ఞానము కలదు. మణిసిద్ధుడు తన వెంటనున్న గొల్లపిల్లవానికి కథ చెప్పునది మజిలీ చేరిన పిమ్మటనే. నడచునపుడు త్రోవ, దిగినచోట కథ.

రైలు వచ్చిన పిమ్మట మజిలీ నశించినదని పలువురి తలంపు. నా కట్లు తోచదు. రైలు మజిలీలను నశింపజేయలేదు. వానిని ఒకచోట నుండి పెఱికి మఱియొకచోట నాటినది. అట్లు పెఱికివేయబడిన త్రోవ మీదనే సూర్యాపేట, కోదాడ ఉన్నవి. దూరప్రయాణము సంకల్పించెడు ఈ ప్రాంతీయుడు నేటికిని మొదట యోచింపవలసినది ఏ రైలెక్కవలెననునది కాదు, ఏ యూరికి పోయి రైలెక్కవలెననునది. ఈ చిక్కు ఎట్లు కలిగెనో చెప్పి, దానిని విప్పుకొను ఉపాయము నొకదానిని మనవి చేసెదను.

గోలకొండ రాజ్యమునకు సముద్రద్వారము మచిలీపట్టణము. ఆ రెంటి నడుమ బాట నూఱు కోసులనియు, కొల్లూరి వజ్రపు గనుల మీదుగా పోయినచో నూటపండ్రెండు కోసులనియు, 17వ శతాబ్దమున ఈ దేశమునకు పలుమాఱులు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే వ్రాసినాడు. తాను తఱచు నడచినది ఆ రెండవ బాటయే యని అతని మాట. అతడు వ్రాసికొన్న మజిలీల పట్టికలో పంతంగి, పానగల్లు మనకు పోల్చదగియే యున్నవి. నేడు హైదరాబాదు నుండి విజయవాడకు మోటారులో పోవువారు పంతంగి వద్ద సుంకము చెల్లించుటకు నిలుతురు. సుంకము వసూలు చేయువాడు తప్ప ఆ మజిలీలో నిపుడు పలుకరించు వారెవరును లేరు!

ఆ పాత బాటకు వారసురాలు నేటి 65వ నంబరు జాతీయరహదారి. హైదరాబాదు నుండి సూర్యాపేట 135 కిలోమీటర్లకు దగ్గఱగా నుండును. అచటి నుండి విజయవాడయు ఇంచుమించుగా నంతే. ఎద్దులబండి దినమునకు పదిపండ్రెండు మైళ్లు నడచు కాలమున ఇది రెండువారముల ప్రయాణము. సూర్యాపేట అందు నడిమజిలీ. ఉప్పు, ఎండుచేపలు, సీమవస్త్రములు తీరము నుండి పైకెక్కుచుండగా, లోనాటి సరకులు క్రిందికి దిగుచుండెను. ఇట్టి త్రోవకే రైలు రావలసి యుండెనని మనము తలంతుము.

రాలేదు. 1874లో వాడి జంక్షను నుండి సికిందరాబాదుకు పట్టాలు పడినవి. దానితో నిజాము రాజధానికి బొంబాయి-మద్రాసు మార్గముతో సంబంధ మేర్పడినది. అటుపిమ్మట తూర్పునకు సాగవలసిన పట్టాలు సూర్యాపేట వంక తిరుగక, ఈశాన్యముగా ఓరుగంటికి పోయి, డోర్నకలు, ఖమ్మముల మీదుగా దక్షిణమునకు వంగి, 1889లో బెజవాడ చేరినవి. ఈ వంకరకు ముఖ్యకారణము నేల క్రిందనున్న బొగ్గు. భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున సింగరేణి బొగ్గును 1870 దశకారంభమున కనుగొనెను. డోర్నకలు నుండి ఆ గనులకు శాఖ వేయబడెను. నడచువారి త్రోవ ఒకటి, బొగ్గు త్రోవ ఒకటి. రైలు బొగ్గు త్రోవను పట్టినది. కంపెనీవారి లెక్కలో అది తప్పు కాకపోవచ్చును. మన లెక్కలో మాత్రము అది ఒక శతాబ్దపు దూరము.

ఇక ఆ నాళ్లలో సూర్యాపేట గృహస్థుడు కాశికి బయలుదేఱినచో ఏమేమి లెక్క వేసికొనవలసి యుండెనో చూడుడు. ఖమ్మము సుమారు నలువది మైళ్లు. గూడుబండిలో మూడు దినములు. ఖమ్మములో రైలెక్కి, పడమటికి మరలి సికిందరాబాదు పోవలెను. కాశి ఉత్తరమున నుండగా ఇతడు పడమటికి పోవుట వింతగా దోచును గాని, 1901 నాటికి సికిందరాబాదు నుండి మన్మాడుకు చిన్నపట్టాల మార్గము ముగిసినందున అదియే దారి. మన్మాడులో పెద్దపట్టాల బండికి మాఱి, ఇటార్సి, జబ్బల్పురముల మీదుగా ప్రయాగ. బొంబాయి నుండి వచ్చిన పట్టాలును, కలకత్తా నుండి వచ్చిన పట్టాలును జబ్బల్పురమున కలిసినది 1870లో. జూల్స్ వెర్న్ అను ఫ్రెంచి కథకుడు ఎనుబది దినములలో భూప్రదక్షిణము చేయించిన తన నాయకుని ఈ మార్గముననే పంపి, పట్టాలు నడుమ తెగియున్నట్లు కల్పించి, అతని నేనుగు నెక్కించినాడు. ఆ కథ వెలువడుటకు ముందే పట్టాలు కలిసియుండెను!

నిజాము రాజ్యము దాటగానే హాలీ సిక్కా చెల్లదు. ఏడు హాలీ రూపాయలకు ఆఱు కల్దారు రూపాయల చొప్పున మార్చుకొని కొంగున ముడి వేసికొనవలెను. మన్మాడులో దిగినప్పుడు భాష మరాఠీ, జబ్బల్పురమున హిందీ. మజిలీ పోయినదని ఎవరనగలరు? బావిగట్టునకు బదులు జంక్షను వచ్చినది, అంతియే. ఇపుడు ప్రయాణికుడు దిగునది తన యెద్దులు అలసినందున గాదు. పట్టాల వెడల్పు మాఱినందున.

1929లో కాజీపేట-బల్హర్షా మార్గము పూర్తియైనది. దీనితో దక్షిణాపథమునుండి నాగపురమునకు సూటియైన దారి యేర్పడెను. గ్రాండ్ ట్రంకు ఎక్స్‌ప్రెస్సు పుట్టినదియు ఆ సంవత్సరముననే. 1932 జూను నెలలో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డురవాణా శాఖను తెఱచిరి. రైలుశాఖయే బస్సులను నడుపుట మన దేశ చరిత్రలో గమనింపదగిన విశేషము. పట్టాలు వేయని యూళ్లకు చక్రములనైనను పంపవలెనను వివేక మందున్నది. సూర్యాపేట, కోదాడలు నేటికిని ఆ వివేకము మీదనే బ్రదుకుచున్నవి.

మూడవదియైన మిర్యాలగూడ కథ వేఱు. అది రహదారికి దక్షిణముగా, కృష్ణ వంక నున్నది. పూర్వము వాడపల్లి వద్ద కృష్ణ దాటినవారికి పల్నాటిలో గుంటూరు-మాచర్ల చిన్నపట్టాల బండి యుండెడిది. గడచిన శతాబ్దపు చివరి పాదమున బీబీనగరము నుండి నడికుడికి పెద్దపట్టాలు వేసినపుడు మిర్యాలగూడకు స్టేషను వచ్చినది. రాజమార్గమున మజిలీగానున్న రెండూళ్లకు రాని రైలు ప్రక్కనున్న మూడవ యూరికి వచ్చుట చూడగా, ఊళ్లకును జాతకము లుండునేమో యనిపించును.

ఇంక ఏనుగుల వీరాస్వామయ్యగారిని తలంపక ఈ ప్రసంగము సాగదు. వారు చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాసీ. 1830 మే 18న పల్లకిలో, పెద్ద పరివారముతో బయలుదేఱి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. వారి కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చైనది. ప్రతి మజిలీలోను నీళ్లెట్టివి, అంగళ్లున్నవా, దిగుటకు స్థలమున్నదా యని వ్రాసికొనిరి. మన త్రోవకు వారు రాలేదు. శ్రీశైలము మీదుగా హైదరాబాదు చేరిరి. అటుపిమ్మటి పట్టిక చూడుడు: నాగపురము, జబ్బల్పురము, ప్రయాగ, కాశి, గయ, కలకత్తా, మరలివచ్చుట పూరీ, గంజాము, రాజమహేంద్రవరముల మీదుగా. ఇది నేటి రైలుపటము! భారతదేశమున తొలి ప్రయాణికుల రైలు నడచినది 1853లో. అంతకు ఇరువదిరెండేండ్లు ముందుగా పల్లకి నడచిన దారిని తరువాతి పట్టాలు ఇంచుమించుగా అనుసరించినవి. మఱియొక విశేషము: వారు పోయిన దారిని మరలిరాలేదు. వారి యాత్ర మండలాకారమైనది.

ఈ విషయము నాకు పుస్తకజ్ఞానముగానే యుండెడిది. ఇటీవల మా పెద్దమ్మను కాశీ గయలకు తీసికొనిపోవలసిన పని పడినది. ఆమెకు డెబ్బదియాఱేండ్లు. పెదనాయనగారి పేర గయలో పిండము పెట్టింపవలెనని ఆమె కోరిక. సూర్యాపేటలో బస్సెక్కి, జంటనగరములలో దానాపూరు బండి పట్టుకొని, రాత్రియు పగలును మఱియొక రాత్రియు కూర్చుండి పోవుటకు మా తమ్ముడు సిద్ధపడినాడు. పెద్దమ్మ మాత్రము, “కూసోని కూసోని నడుము కట్టెలెక్క అయినంక కాశి చూసుడేంది బిడ్డా?” అన్నది. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచునే ఈ లెక్కలు వేసితిని. నాబోటి వారు ఊరికొకరుందురు గనుక వానిని చెప్పుచున్నాను.

రైల్వే నిబంధన ప్రకారము 500 కిలోమీటర్లు మించిన టిక్కెట్టుపై నడుమ నొకచోట దిగవచ్చును. వేయి మించినచో రెండు చోట్ల. దిగిన దినమును, ఎక్కిన దినమును లెక్క వేయక రెండు దినము లుండవచ్చును. దిగినచోట టిక్కెట్టుపై వ్రాయించుకొనవలెను. రాజధాని మొదలగు బండ్లకు ఇది వర్తింపదు. ఇందొక మెలిక యున్నది. మొదటి మజిలీ బయలుదేఱిన చోటినుండి 500 కిలోమీటర్లు దాటిన పిమ్మటనే. సికిందరాబాదు నుండి నాగపురము సుమారు 575; కనుక దిగవచ్చును. ఖమ్మము నుండియు 500 మించును. ఓరుగంటిలోనో కాజీపేటలోనో టిక్కెట్టు కొన్నవానికి మాత్రము నాగపురము 500కు లోపు. అచట దిగినచో మిగిలిన టిక్కెట్టు పోయినట్లే. సూర్యాపేటవాడు ఏ గుమ్మము తొక్కవలెనో నిర్ణయించుటకు ఈ యొక్క లెక్క చాలును. జంటనగరముల నుండి బయలుదేఱువారు తమ బండి సికిందరాబాదులో నున్నదా, 2025 జనవరిలో తెఱచిన చర్లపల్లి స్టేషనునకు మాఱినదా యని ముందుగా విచారింపవలెను.

రెండు మజిలీలు మాకు చాలవు. నాగపురమున ఒక రాత్రి పడక. ఓపిక యున్నచో 1956లో అంబేద్కరుగారు బౌద్ధము స్వీకరించిన దీక్షాభూమి. జబ్బల్పురమున నర్మద, భేడాఘాటు చలువరాతి కొండలు. పిదప ప్రయాగ, కాశి, గయ. ఇందులకు రైల్వేవారి వద్ద వేఱొక టిక్కెట్టు కలదు. దానిని చుట్టుప్రయాణపు టిక్కెట్టు అందురు. బయలుదేఱిన స్టేషనుకే మరలి రావలెను. నడుమ ఎనిమిది చోట్ల దిగవచ్చును. దూరము పెరిగినకొలది కిలోమీటరుకు ధర తగ్గును గనుక, ముక్కలు ముక్కలుగా టిక్కెట్లు కొనుటకంటె చవుక. వృద్ధులకుండిన రాయితీ 2020 మార్చిలో నిలిపివేయబడినందున ఈ తగ్గుదల మావంటివారికి చిన్నది కాదు. ప్రయాణక్రమము వ్రాసి రైల్వే వాణిజ్యశాఖ వారికి ముందుగా నియ్యవలెను. పడకలు మాత్రము ఏ బండి కాబండికి వేఱుగా కుదుర్చుకొనవలెను. 60 దినములకు ముందు అది సాధ్యము కాదు.

ఆ చుట్టును ఎచట ప్రారంభింపవలెను? పటము ముందిడుకొని చూచితిని. మిర్యాలగూడ! అచటి నుండి నల్లగొండ మీదుగా బీబీనగరము చేరువ ప్రధానమార్గమునందు కలిసి, కాజీపేట, నాగపురము, జబ్బల్పురము, ప్రయాగ, కాశి, గయ, హౌరా. హౌరా నుండి పూరీ, రాజమహేంద్రవరము, విజయవాడ, గుంటూరు. కృష్ణ దాటినచో మరల మిర్యాలగూడ. పూరీకి పోయివచ్చు శాఖయందు తప్ప వెనుదిరుగుట యెచటను లేదు. నాగపురము మొదలు రాజమహేంద్రవరము వఱకు దిగెడు చోట్లు సరిగా ఎనిమిది. వీరాస్వామయ్యగారికి పదునైదు నెలలు పట్టిన మండలము, మజిలీకి రెండు రాత్రుల చొప్పున మాకు మూడువారములలో ముగియును.

కాశిలో దిగవలసినవారు తమ బండి మొగల్‌సరాయి వఱకే యైనచో కంగారుపడ నక్కఱలేదు. అచటి నుండి కాశి సమీపమే. ఆ స్టేషను పేరు 2018లో దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షనని మార్చబడినది. సరాయి యనగా బాటసారుల బస గనుక, పాతపేరులో ఒక మజిలీ దాగియుండెడిది. గంగపై 1887లో తెఱచిన వంతెన మీదుగా బండి పోవునపుడు ఎడమప్రక్క గాని, కుడిప్రక్క గాని కూర్చుండుటకు జనులు పోట్లాడుకొందురు. ఘట్టములు కనబడు ప్రక్క ఏదియో పెద్దవారిని ముందుగా అడిగి ఉంచుకొనుట మేలు. బసకు మానససరోవర ఘట్టము చేరువ శ్రీరామ తారక ఆంధ్రాశ్రమము తెలుగువారి కందఱికిని తెలిసినదే. పండుగలనాళ్లలో ముందుగా వ్రాసికొనవలెను.

మా తమ్ముడు ఇంకను సూటిబండియే మేలనుచున్నాడు. పెద్దమ్మ తన కావలసిన మందులు, ఇత్తడిచెంబు, గయకు వలయు నువ్వులు మూటగట్టి, మిర్యాలగూడ బస్సు ఉదయమెన్నింటికో కనుగొనుమని నాకు పురమాయించినది.