రెండో గొంతు: పాత హిందీ యుగళగీతాలలో మన పెళ్లి చరిత్ర

సంఘం సావనీరులో చదువుల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి, ఉపాధి గురించి వ్యాసాలు రావడం పరిపాటి. రావలసిందే. అయితే ఒక సమాజం చరిత్ర అంటే దస్తావేజులూ తీర్మానాలూ మాత్రమే కాదు గదా! పెళ్లి పందిట్లో మైకు సెట్టు మీద మోగిన పాటలకూ ఒక చరిత్ర ఉంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలోని మన కుటుంబాలు ఆ పాటలను ఎందుకు అంతగా గుండెకు హత్తుకున్నాయో ఆలోచిస్తే, మన పెళ్లిళ్ల గురించి ఒక ముఖ్యమైన సంగతి బయటపడుతుంది.

మన ఇళ్లలో పెళ్లి వరస పాఠకులకు కొత్త కాదు. ముందు పైగాం వస్తుంది. పెద్దలు కూర్చుని మాట్లాడుకుంటారు. మంగ్నీ అవుతుంది. మాంజేకు పసుపు, సాంచక్ కు మగపెళ్లివారి పళ్లేలు, ఆ పైన మెహందీ, నికాహ్, జల్వా, రుఖ్సతీ, వలీమా, చివరకు జుమాగీలు. జనానాలో ఢోలక్ మోగుతుంది, వియ్యపురాళ్ల మీద ఎగతాళి పాటలు సాగుతాయి. ఇంత పెద్ద వరసలో అబ్బాయీ అమ్మాయీ ఒకరితో ఒకరు మనసు విప్పి మాట్లాడుకునే ఘట్టం మాత్రం పాత రోజుల్లో ఎక్కడా ఉండేది కాదు. జల్వాలో కూడా అద్దంలో ఒకరి ముఖం ఒకరు చూసుకోవడమే గాని మాట లేదు. ఆ ఖాళీని నింపింది సినిమా యుగళగీతం. అతను ఒక చరణం పాడతాడు, ఆమె ఒక చరణం పాడుతుంది. మన పందిట్లో జరగని సంభాషణ తెర మీద జరిగింది.

పాట మన దాకా వచ్చిన దారి

నిజాం కాలంలో రాజభాష ఉర్దూ. కచ్చేరీలోనూ బడిలోనూ అదే. అందుచేత బొంబాయి సినిమా పాటలోని ఉర్దూ మాట మన ఇళ్లలోనే కాక, పక్కింటి తెలుగు వారికి కూడా అంతో ఇంతో అర్థమయ్యేది. జనగామ, మహబూబాబాద్ రైలు దారి మీది ఊళ్లు. సినిమా పెట్టెలు, రికార్డులు రావడం తేలిక. భూపాలపల్లికి బస్సే దిక్కు. తర్వాత సింగరేణి గనులు వచ్చి నలుదిక్కుల కార్మికులను అక్కడ చేర్చాయి.

దారులు ఎట్లా ఉన్నా రేడియో అందరికీ ఒక్కటే. 1952లో కేంద్రమంత్రి కేస్కర్ హయాంలో ఆకాశవాణిలో సినిమా పాటలు ఆగిపోయాయి. అదే ఏడాది డిసెంబరులో రేడియో సిలోన్ నుంచి అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్ మాలా మొదలైంది. బుధవారం రాత్రి ఎనిమిదయ్యేసరికి రేడియో ఉన్న ఇంటి వాకిట్లో పదిమంది చేరేవారు. 1957 అక్టోబరు 3న వివిధ్ భారతి ప్రారంభమయ్యాక గాని మన ప్రభుత్వ రేడియో ఆ పాటలకు మళ్లీ తలుపు తీయలేదు. బయటికి ఎక్కువగా రాని ఆడపిల్లలకు కూడా ఇంటి గోడ దాటి వచ్చి వినిపించిన గొంతులు అవే.

కలవని వారి పాట

నేపథ్య గానం హిందీ చిత్రాల్లోకి 1935లో 'ధూప్ ఛావ్'తో వచ్చింది. ఆ మరుసటి ఏడాది బాంబే టాకీస్ వారి 'అఛూత్ కన్య'లో అశోక్ కుమార్, దేవికా రాణి తమ యుగళాన్ని తామే పాడుకున్నారు. కథలో అతడు బ్రాహ్మణ యువకుడు, ఆమె అంటరానిదని సమాజం దూరం పెట్టిన పిల్ల. వారికి పెళ్లి కాదు. అంటే పేరుపొందిన తొలినాటి యుగళగీతాల్లోనే సమాజం కలవనివ్వని ఇద్దరు కలిసి పాడారన్నమాట. 1946లో 'అన్మోల్ ఘడీ'లో నౌషాద్ బాణీకి నూర్జహాన్, సురేంద్ర పాడినదీ ఎడబాటు పాటే. మరుసటి ఏడాది దేశం రెండయింది, నూర్జహాన్ పాకిస్తాన్ వెళ్లిపోయింది. ఆ పాటను ఆ తర్వాత విన్నవారికి అందులోని ఎడబాటు ఇంకా పెద్దదిగా తోచి ఉంటుంది.

స్వాతంత్ర్యం వచ్చాక పాట హుషారయింది. 1957 నాటి 'నయా దౌర్'లో ఓ.పి. నయ్యర్ టాంగా గుర్రం అడుగుల చప్పుడునే తాళంగా చేసుకుని రఫీ, ఆశాల చేత పాడించాడు. టాంగాలు ఎరిగిన మన ఊళ్లకు ఆ తాళం ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ పాటలో భార్యాభర్తలు కాబోయే ఇద్దరు ఒకే బండి మీద, ఒకే ఎత్తున కూర్చుని ఉంటారు. ఇది గమనించదగ్గ మార్పు.

పరదా చాటు ప్రేమలు

1960 నుంచి కొన్నేళ్లపాటు ముస్లిం కుటుంబ కథా చిత్రాలు వరసగా వచ్చాయి. మన ఇళ్లలో ఎక్కువగా చెప్పుకున్నవి ఇవే.

'బర్సాత్ కీ రాత్' (1960) కథానాయకుడు మన హైదరాబాదు షాయర్. రోషన్ సంగీతం, సాహిర్ మాటలు. వాన రాత్రి ఒక్కసారి చూసిన అమ్మాయిని తన కవిత్వంతోనే వెదుక్కుంటాడు. 'మేరే మెహబూబ్' (1963)లో అలీగఢ్ విద్యార్థి నఖాబు చాటున కళ్లు మాత్రమే చూసి మనసిస్తాడు. అందులో రఫీ, లతా పాడిన యుగళం నిద్రలేని రాత్రుల గురించి.

వీటన్నిటిలో 'చౌద్వీఁ కా చాంద్' (1960) కథ మనకు పాఠం వంటిది. లక్నో నవాబు బజారులో ఒక అమ్మాయిని చూసి మోహిస్తాడు. తల్లి కుదిర్చిన సంబంధం తప్పించుకోవాలని తన స్నేహితుడికి ఆ పిల్లనిచ్చి నికాహ్ చేయిస్తాడు. తీరా చూస్తే ఆ పెళ్లికూతురే తాను మోహించిన అమ్మాయి! ముఖం చూడకుండా, పేరు అడగకుండా పెద్దలూ మిత్రులూ నడిపిన వ్యవహారం చివరకు ప్రాణం మీదికి తెస్తుంది. ఈ చిత్రంలో అందరికీ గుర్తున్నది యుగళం కాదు, రఫీ ఒక్కడి పాట. నిద్రలో ఉన్న భార్య అందాన్ని భర్త పొగుడుతాడు. పాట మధురమే, సందేహం లేదు. కాని ఆ పెళ్లిలో ఆమెను అడిగినవారెవరు? మొత్తం కథలో ఆమె ఇష్టం ఎవరికీ పట్టలేదు.

రెండో గొంతు విలువ ఎంతటిదో పాటల లోకంలోనే ఒకసారి తెలిసివచ్చింది. గాయకులకు రాయల్టీ ఉండాలని లతా, తీసుకున్న పారితోషికంతోనే హక్కు తీరిపోతుందని రఫీ పట్టుబట్టి 1960లలో కొన్నేళ్లు కలిసి పాడడం మానేశారు. ఆ కాలంలో రఫీ పక్కన సుమన్ కల్యాణ్‌పుర్ పాడింది. 1967లో వారిద్దరూ మళ్లీ కలిశారు. ఎంత గొప్ప గాయకుడైనా యుగళాన్ని ఒంటిగా పాడలేడు గదా!

మన మఖ్దూం రాసిన రెండు యుగళాలు

ఇక మన నేల మీది మాట. మఖ్దూం మొహియుద్దీన్ 1908లో మెదక్ జిల్లా అందోలులో పుట్టారు. కవి, కార్మిక నాయకుడు, తెలంగాణ సాయుధ పోరాట నాయకులలో ఒకరు. ఆ పోరాటానికి పురిటిగడ్డ నాటి నల్లగొండ జిల్లాలోని జనగామ తాలూకా. కామారెడ్డిగూడెం షేక్ బందగీ విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం పోరాడి హతుడైనది అక్కడే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగినదీ అక్కడే. అందువల్ల జనగామ వారికి మఖ్దూం పేరు పరాయిది కాదు.

ఆయన కవిత 'చారాగర్' 1964లో 'చా చా చా' చిత్రంలో యుగళమైంది. ఇక్బాల్ ఖురేషీ సంగీతం, రఫీ, ఆశా గొంతులు. మల్లెపందిరి కింద కలిసిన ఇద్దరి ప్రేమకు మసీదూ గుడీ రెండూ సాక్షులుగా నిలిచే కవిత అది. అన్ని మతాల వారూ కలిసి పోరాడిన నేల మీది కవి నుంచి అటువంటి మాట రావడం సహజం.

రెండోది, ఆయన 1969లో కన్నుమూసిన తర్వాత వచ్చింది. సాగర్ సర్హదీ తీసిన 'బాజార్' (1982)లో ఖయ్యాం ఆయన గజల్ కు బాణీ కట్టారు. లతా పక్కన పాడిన తలత్ అజీజ్ హైదరాబాదు వారే. పూలూ, రాత్రీ, పెళ్లి ఊరేగింపూ కలగలిసిన ఆ గజల్ ను నేటికీ మన వలీమాలలో పెట్టుకుంటాం. అయితే ఆ చిత్రం కథ ఏమిటో ఎందరికి గుర్తుంది? హైదరాబాదులో పేదింటి పిల్ల షబ్నం, ఆమెను ప్రేమించిన సర్జూ ఆ పాటలో ఉంటారు. ఆ తర్వాత డబ్బున్న, వయసు మళ్లిన మనిషికి ఆమెను కట్టబెడతారు. ఆమె విషం తాగుతుంది. పాటలో ఆమెకు గొంతు ఉంది, పెళ్లిలో లేదు. చిత్రం పేరు బాజార్ అని ఊరకే పెట్టలేదు.

ఇది వట్టి సినిమా కల్పన అనుకుందామా? 1991లో హైదరాబాదు నుంచి ఒక చిన్నపిల్లను అరవై ఏళ్ల అరబ్బు 'భార్య'గా తీసుకుపోతుండగా, విమానంలో ఆ పిల్ల ఏడుపు చూసి ఎయిర్ హోస్టెస్ కాపాడిన సంగతి దేశమంతా పత్రికల్లో చదివింది.

అదే 1982లో బి.ఆర్. చోప్రా 'నికాహ్' వచ్చింది. కోపంలో మూడుసార్లు తలాక్ అన్న మొదటి భర్త, ఆమెను అతనికే తిరిగి అప్పగించబోయిన రెండో భర్త. ఇద్దరూ మంచివారే అయినా ఇద్దరూ ఆమెను అడగలేదు. చివర్లో నిలోఫర్ తానేమైనా వస్తువా అని ఇద్దరినీ నిలదీస్తుంది. ఒకే ఊపున చెప్పే మూడు తలాక్‌లు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పు రావడానికి అక్కడి నుంచి ఇంకా 35 ఏళ్లు పట్టింది, 2017 దాకా.

షరీఅత్ ముందే చెప్పిన మాట

ఆలోచిస్తే నికాహ్ కూడా ఇద్దరి మాటే. ఈజాబ్, ఖబూల్ రెండూ ఉంటేనే అది నికాహ్. వకీలూ ఇద్దరు సాక్షులూ పెళ్లికూతురి దగ్గరికి వెళ్లి, ఫలానా వారితో, ఇంత మహర్ మీద సమ్మతమేనా అని అడగడం అందుకే. సహీహ్ బుఖారీలో ఖన్సా బిన్తె ఖిదాం వృత్తాంతం ఉంది. తండ్రి తనకు ఇష్టం లేని పెళ్లి చేశాడని ఆమె వచ్చి చెప్పుకోగా దైవప్రవక్త (స) ఆ నికాహ్ ను రద్దు చేశారు. కన్యను కూడా అనుమతి అడగాలనే హదీసు చెబుతోంది. సిగ్గుపడి మౌనంగా ఉంటే ఆ మౌనాన్నే సమ్మతిగా తీసుకోవచ్చు.

ఇక్కడే మన వాళ్లు ఒక సంగతి మరచిపోతున్నారు. అడిగిన తర్వాతి మౌనమే సమ్మతి. అడగక ముందటిది, కాదనడానికి వీల్లేని చోటిది సమ్మతి ఎట్లా అవుతుంది? బరాత్ వాకిట్లో దిగి, బిర్యానీ డేగ్ దింపి, ఫుప్పీలూ ఖాలాలూ చుట్టూ కూర్చున్నాక, మేలిముసుగు కింద తల వంచుకున్న పిల్లను అడగడం అడిగినట్టా? వేలికి సియాహా చూపించి సంతకం పెట్టు బేటీ అంటే ఆమె కాదనగలదా? పైగా మహర్ కాగితం మీదే ఉండిపోతుంది, జోడే కీ రఖం మాత్రం రొక్కంగా చేతులు మారుతుంది. ఖుర్‌ఆన్ సూరా నిసాలో మహర్ ను స్త్రీలకు సంతోషంగా ఇమ్మని ఆజ్ఞ ఉంది. వధువు వైపు నుంచి రొక్కం పుచ్చుకొమ్మని ఎక్కడా లేదు. 2014లో వచ్చిన షాదీ ముబారక్ పథకం కూడా వధువుకు 18 ఏళ్లు నిండాలనే షరతు పెట్టింది. తన ఇష్టం తాను చెప్పగల వయసు రావాలని గదా దాని భావం!

కాబట్టి తల్లిదండ్రులకు ఒక మనవి. పైగాం వచ్చిన నాడే, మంగ్నీకి ముందే, ఇంట్లో నలుగురూ లేనప్పుడు అమ్మీ గాని నానీ గాని పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి. వద్దంటే కారణం వినాలి, కోపగించరాదు. అబ్బాయినీ అట్లాగే అడగాలి. దీనికి ఖర్చు లేదు, చందా అక్కరలేదు. మన సంఘం పెద్దలు సంబంధాలు కుదిర్చేటప్పుడు కట్నకానుకల కంటే ముందు ఈ ఒక్క ప్రశ్న వేస్తే చాలు.

పాత పాటలు మన పందిళ్లలో మోగుతూనే ఉండనీ. అవి విని సంతోషించే మనం, యుగళంలో ఆమె చరణం వచ్చినప్పుడు చెవి ఒగ్గినట్టే ఇంట్లో ఆడపిల్ల మాటకూ చెవి ఒగ్గుదాం. అల్లాహ్ మన బిడ్డల జంటలను ప్రేమతోనూ కరుణతోనూ నింపుగాక. ఆమీన్.