తుమ్మెద ఆడదే

మన కావ్యాల్లో తుమ్మెద ఎప్పుడూ మగవాడే. పువ్వు ఆడది, కదలదు. తుమ్మెద వస్తాడు, తేనె తాగుతాడు, ఇంకో పువ్వు మీదికి పోతాడు. భాగవతం దశమ స్కంధంలో గోపికలు తుమ్మెదను అడ్డం పెట్టుకుని కృష్ణుణ్ణి దెప్పేదీ ఈ లెక్కనే. తెలుగు వ్యాకరణం మాత్రం తుమ్మెదను మగవాళ్లలో కలపలేదు. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి మగవాళ్లను మహత్తులని వేరుచేసి, ఆడవాళ్లనూ జంతువులనూ జడాలనూ అవతల పెట్టాడు. అందుకే ఆమే వచ్చింది, తుమ్మెదా వచ్చింది. ఆ గాటన కట్టినందుకు నాకు కోపమే గానీ, ఈ ఒక్కచోట అది నిజానికి దగ్గరగా ఉంది. పుప్పొడి మోసేదీ, గూడు కట్టేదీ ఆడ తుమ్మెదే. మగది తన కడుపుకి తేనె తాగుతుంది, గూటికి ఏమీ తేదు. దానికి కొండి కూడా లేదు.

13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలను పేర్కొన్నాడు. ఆడవాళ్లు పాడుకునే తుమ్మెద పాటల్లో చరణం చివర వచ్చే 'తుమ్మెదా' అన్న పిలుపు నాకు ప్రియుణ్ణి పిలిచినట్టుండదు. పక్కన నాటేస్తున్న మనిషిని పిలిచినట్టుంటుంది.

ఐరోపాలోనూ ఇదే కథ. తేనెటీగల్ని ఏలేది రాజని అరిస్టాటిల్ రాశాడు. 1609లో చార్లెస్ బట్లర్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు ఆ రాజు రాణేనని పుస్తకం వేశాడు. ఎలిజబెత్ రాణి పోయి అప్పటికి ఆరేళ్లే. అదే శతాబ్దంలో డచ్చి శాస్త్రజ్ఞుడు స్వామర్‌డామ్ ఆ 'రాజు'ను కోసి అండాశయాలు చూపించాడు.

కాని 'రాణి' కూడా ముసుగు మాటే. బంబుల్ బీ అనే బొచ్చు తుమ్మెదలు మన హిమాలయాల్లో ఉన్నాయి, దక్షిణాదిలో లేవు. వాటి రాణి చలికాలమంతా మట్టిలో ఒంటరిగా నిద్రపోయి, వసంతంలో లేచి, ఏ ఎలుకో వదిలేసిన బొరియ వెతుక్కుంటుంది. తన ఒంటి మైనంతో తేనెకుండ చేసుకుంటుంది. పుప్పొడి ముద్ద మీద గుడ్లు పెట్టి కోడిలా పొదుగుతుంది. రెక్కలాడించకుండానే రెక్కల కండరాలను వణికించి, బయట చలిగా ఉన్నా పిల్లల్ని 30 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతుంది. ఆ వేడికి తేనె ఖర్చు. తేనెకు బయటికి వెళితే పిల్లలు చల్లబడతాయి. మొదటి కూతుళ్లు ఎదిగేదాకా వంటా, కాపలా, కూలీ అన్నీ తనవే. ఇది రాణీవాసమా?

మా సీమ తుమ్మెద వేరు, కర్రను తొలిచే నల్లది. పుంగనూరులో మా అవ్వ ఇంటి దూలంలో గుండ్రటి కన్నాలుండేవి, కింద పొట్టు రాలేది. మామ కీలు పోసి మూస్తానంటే అవ్వ, "దాని ఇల్లు అది కట్టుకుంటా ఉండాది, దాని జోలికి పోవద్దు" అనేది. తుమ్మెద కర్రను తినదు. ఆ పొట్టుతోనే అడ్డుగోడలు కట్టి, గదికో పుప్పొడి ముద్ద, ముద్దకో గుడ్డు పెడుతుంది. పురుగుల గుడ్లలోకెల్లా పెద్దవాటిలో అదొకటి. చాలా పురుగుల్లా గుడ్డుపెట్టి పోదు. రెక్కలొచ్చిన పిల్లలకు కూడా ఇంకా కొన్నాళ్లు తిండి పెడుతుంది. కొన్ని జాతుల్లో ఒక కూతురు గుమ్మంలో కాపలా కూర్చుంటుంది.

మదనపల్లె టమాటా మార్కెట్టు దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. టమాటా పువ్వు పుప్పొడిని గొట్టంలో దాచుకుంటుంది. గాలికి కొంత రాలుతుంది, తుమ్మెద పట్టుకుని ఝుమ్మని కుదిపితే బాగా రాలుతుంది. తేనెటీగకు ఆ విద్య లేదు. అందుకే 1980ల చివరినుంచి ఐరోపాలో గాజు ఇళ్ల టమాటాలకు బంబుల్ బీలను పెట్టెల్లో పెంచి అమ్ముతున్నారు. రాణి చలినిద్ర మాని ఏడాది పొడుగునా గూడు పెట్టేలా దానికి కార్బన్ డయాక్సైడ్ పట్టించే పద్ధతి కూడా కనిపెట్టారు. ఎవరి గర్భం ఎవరి లెక్కకు పనిచేయాలన్నది మనకు కొత్త ప్రశ్న కాదు.

మదనపల్లెలో ఆ పని ఎవరూ పెట్టెలు కొని చేయించుకోరు. దూలాలు పోయి సిమెంటు మిద్దెలొచ్చాక తుమ్మెదలు ఎక్కడ కాపురం పెడుతున్నాయో అని చూస్తుంటాను. కుప్పం దగ్గర ఒక కాకర పందిరి వెదురులో కనిపించింది. అక్కడ దాన్ని కన్నడం వాళ్లు దుంబి అంటారు. మన తుమ్మెదా, పాత తమిళం తుంబీ అదే మాటకు చుట్టాలు. పందిరి యజమానురాలు తెలుగావిడ. వెదురు మార్చాల్సిందే గానీ, అది పిల్లల్ని లేపుకుని పోయినాక మారుస్తానంది.