చక్రపు బేరింగు పుట్టుక

మోటారు కారుకు చాలా ముందే, గుర్రపు బళ్ల కాలంలోనే చక్రపు బేరింగు పుట్టింది. 1794లో వేల్స్‌కు చెందిన ఫిలిప్ వాన్ బండి ఇరుసులో ఇనుప గుండ్లు అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. ఆలోచన మంచిదే కానీ, ఒకే కొలతలో నున్నటి గుండ్లు తయారుచేయడం అప్పట్లో సాధ్యం కాలేదు. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో ఫ్రీడ్రిష్ ఫిషర్ ఉక్కు గుండ్లను సానబట్టే యంత్రం రూపొందించాకే ఆ చిక్కు తీరింది.

గుండు నేరుగా పడే బరువును బాగానే మోస్తుంది. మలుపులో చక్రాన్ని పక్కకు నెట్టే ఒత్తిడిని మాత్రం అంతగా ఓర్చుకోదు. అమెరికాలో బళ్లు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో పేటెంటు పొందిన ఏటవాలు రోలర్లు రెండు ఒత్తిళ్లనూ తట్టుకున్నాయి. ఫోర్డ్ మోడల్ టీ కారు ముందు చక్రాలు కూడా మొదట గుండ్ల మీదే తిరిగి, తర్వాత ఈ రోలర్లకు మారాయి.

ఈ మార్పుతో మెకానిక్‌కు కొత్త పని వచ్చిపడింది. చక్రం నడుమ ఉండే హబ్బు విప్పి, పాత గ్రీజు కిరోసిన్‌తో కడిగి, రోలర్ల సందుల్లోకి కొత్త గ్రీజు అరచేత్తో ఎక్కించాలి. చక్రాన్ని తిప్పుతూ నట్టు బిగించి, కాస్త వదులుచేసి, అది కదలకుండా కాటర్ పిన్ను పెట్టాలి. బిగువెక్కువైతే బేరింగు వేడెక్కి మాడుతుంది. వదులైతే చక్రం ఊగుతుంది. చేతి నేర్పు మీద నడిచే ఈ పని, విప్పనక్కర్లేని సీలు వేసిన హబ్బులు వచ్చాక కార్లలో చాలావరకు పాతవాటికే పరిమితమైంది.