పట్టీకెక్కని మనుషులు

లఫ్కాడియో హెర్న్ అనగానే చాలామందికి జపాన్ దెయ్యాల కథలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆయన ఇల్లరికం గుర్తొస్తుంది.

1890లో యొకొహామాలో ఓడ దిగిన హెర్న్, మత్సుఎలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పుకుంటూ కొయిజుమి సెత్సు అనే సమురాయ్ ఇంటి ఆడపిల్లతో కాపురం పెట్టాడు. 1893లో కొడుకు పుట్టాడు. అసలు చిక్కు అక్కడుంది. 1873 నాటి ఉత్తర్వు ప్రకారం విదేశీయుణ్ణి చేసుకున్న జపాన్ స్త్రీ జపనీయురాలు కాకుండా పోతుంది. అదే ఉత్తర్వు ఇంకో దారీ ఉంచింది: జపాన్ ఇంటికి ఇల్లరికం వస్తే విదేశీయుడే జపనీయుడవుతాడు. తను పోయాక భార్యాబిడ్డలకి ఆస్తి దక్కాలని హెర్న్ ఆ దారి పట్టాడు. 1896లో కొయిజుమి యాకుమో అయ్యాడు. జపాన్ మీద ప్రేమతో అలా చేశాడంటారు. ప్రేమ ఉంది, కాదనను. కానీ సంతకం పెట్టించింది కాపురమే.

హెర్న్ చేరిన ఆ కుటుంబ పట్టీ పేరు కోసెకి. 1872 నుంచి దేశమంతటా ఒకే తీరున నడుస్తోంది. పుట్టుక, పెళ్ళి, దత్తత, విడాకులు, చావు అన్నీ అందులోకే ఎక్కుతాయి. మన రేషన్ కార్డులో పేరెక్కించడం లాంటిదే అనుకోవచ్చు గానీ, రేషన్ కార్డు బియ్యం ఇస్తుంది, కోసెకి ‘నువ్వు మావాడివి’ అంటుంది. అందుకే విదేశీయుడికి సొంత కోసెకి ఈరోజుకీ లేదు. జపాన్ మనిషిని పెళ్ళాడితే, ఆ మనిషి వివరాల్లో పెళ్ళి కబురుతో పాటు పేరు వస్తుంది. అంతే.

మనవాళ్ళలో రాస్ బిహారీ బోస్ కథ చూడండి. 1915లో బ్రిటిష్ వాళ్ళ నుంచి తప్పించుకుని జపాన్ చేరాడు. షింజుకులో నకమురాయా బేకరీ నడిపే సోమా దంపతులు ఆయన్ని దాచారు. 1918లో వాళ్ళమ్మాయి తొషికోతో పెళ్ళయింది. 1923లో పౌరసత్వం వచ్చింది. రెండేళ్ళకే తొషికో పోయింది, ఇద్దరు పిల్లలు మిగిలారు. 1927లో నకమురాయా మొదలుపెట్టిన భారతీయ కర్రీ ఇప్పటికీ అమ్ముడుపోతోంది. ఆ కర్రీ గురించి అందరూ రాస్తారు. కొడుకు మాత్రం 1945లో ఒకినావా యుద్ధంలో చనిపోయాడు. తండ్రి ఒక దేశ స్వాతంత్ర్యం కోసం ఇల్లు వదిలొస్తే, కొడుకు ఇంకో దేశం యుద్ధంలో పోయాడు.

యుద్ధం తర్వాత కూడా చట్టం తండ్రి వైపే చూసింది. తల్లి జపనీయురాలైనా తండ్రి విదేశీయుడైతే బిడ్డకి జపాన్ పౌరసత్వం రాదు. ఒకినావాలో అమెరికన్ సైనికులకి పుట్టిన పిల్లల్లో కొందరు ఏ దేశానికీ చెందకుండా మిగిలిపోయారు. 1985 జనవరి 1 నుంచి గానీ తల్లి పౌరసత్వం బిడ్డకి దక్కలేదు.

కోసెకి కాక ఇంకో పట్టీ ఉంది, జూమిన్‌హ్యో. ఎవరు ఏ ఇంట్లో ఉంటున్నారో చెప్పే కాగితం. 2012 దాకా విదేశీయులకి ఇందులోనూ చోటు లేదు, వాళ్ళ నమోదు వేరే చట్టం కింద. భర్త విదేశీయుడైతే, రోజూ ఒకే కంచం దగ్గర కూర్చున్నా, కాగితం మీద భార్యాపిల్లలే కనిపించేవాళ్ళు. 2003లో యొకొహామా నిషి వార్డు వాళ్ళు, అక్కడి నదిలో తిరుగుతున్న తమ-చాన్ అనే సీల్‌కి సరదాగా జూమిన్‌హ్యో ఇచ్చారు. పన్నులు కట్టే విదేశీయులకి ఒళ్ళు మండింది. మొహాలకి సీల్ మీసాలు గీసుకుని ఊరేగారు. నవ్వొస్తుంది, కానీ అంతకంటే సూటిగా అడగడం ఎలా?

2012 జూలై 9న ఆ గోడ కూలింది. మేం టోక్యోలో ఎదొగావా వార్డుకి వచ్చింది ఆ తర్వాతే. వైటూకే రోజుల్లో వచ్చిన భారతీయ ఇంజనీర్లు నిషి-కసాయ్ చుట్టూ స్థిరపడ్డారు కాబట్టి మాకు కందిపప్పు వెతుక్కునే పని పడలేదు. మా జూమిన్‌హ్యోలో మా ఆయన ఇంటి యజమాని, నేను భార్య, పాప సంతానం. ముగ్గురం ఒకే కాగితం మీద ఉన్నాం. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు ఇక్కడా ఉండటం ఇంకో సంతోషం.

అయితే పాప ఇక్కడే పుట్టింది కదా అంటే, ఈ నేల మీద పుట్టడం లెక్కలోకి రాదు. 14 రోజుల్లో వార్డు ఆఫీసులో పుట్టుక నమోదు, 30 రోజుల్లో ఇమిగ్రేషన్‌లో నివాస హోదాకి దరఖాస్తు. బాలింతరాలిగా నేను మొదట చదివింది ఆ ఫారమే. బడి సంగతీ అంతే. జపాన్ పిల్లల్ని బడికి పంపడం తల్లిదండ్రుల చట్టపరమైన బాధ్యత. విదేశీ పిల్లలకి ఆ నిర్బంధం లేదు, అడిగితే ఉచితంగా చేర్చుకుంటారు. అడగాలని తెలియాలి. 2019లో విద్యాశాఖ మొదటిసారి లెక్క తీస్తే, దాదాపు 20 వేల మంది విదేశీ పిల్లలు బడిలో లేకపోయి ఉండొచ్చని తేలింది. వాళ్ళ పేర్లు జూమిన్‌హ్యోలో ఉన్నాయి. పట్టీకెక్కినంత మాత్రాన ఎవరి కంటా పడతామని కాదన్నమాట.

హెర్న్ కాలం నుంచీ వరుస ఇదే: కాపురాలు ముందు నడుస్తాయి, చట్టం వెనక నింపాదిగా వస్తుంది. 1985 వచ్చింది, 2012 వచ్చింది. బడి విషయంలో ఇంకా రావలసి ఉంది. ఈలోపు పిల్లలు ఆగరు, ఆరేళ్ళు నిండుతూనే ఉంటాయి.