ఐర్లండు జనాభా లెక్కల్లో పూర్వీకుల ఇల్లు



తాతముత్తాతల పేర్లు చెప్పమంటే మనలో చాలామందిమి మూడో తరం దగ్గరే ఆగిపోతాం. దేశం విడిచి వెళ్లినవారి సంతానానికి ఇది మరీ కష్టం. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి ఐర్లండులో మహా కరవు వచ్చింది. సుమారు పది లక్షల మంది చనిపోయారు. మరో పది లక్షల మందికి పైగా ఓడలెక్కి వెళ్లిపోయారు. 1841లో 81 లక్షలు దాటి ఉన్న జనాభా 1911 నాటికి 44 లక్షలకు దిగిపోయింది. వెళ్లినవారి మనవళ్లు, మునిమనవళ్లు ఈనాడు అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ కూర్చుని మా పెద్దల ఇల్లు ఏదని వెదుకుతున్నారు. ఆ వెదుకులాటలో మనకూ ఒక పాఠం ఉన్నదని మాకు తోచింది.

వారికి దొరికే పెద్ద ఆధారం 1901, 1911 సంవత్సరాల జనాభా లెక్కలు. అప్పట్లో మనల్ని ఏలిన బ్రిటిషు ప్రభుత్వమే అక్కడా ఏలింది. మన లెక్కల్లో మనకు చదవడానికి దొరికేవి జిల్లాల మొత్తాలు. అక్కడ మాత్రం ఇంటింటి కాగితమే మిగిలింది. ఐర్లండు జాతీయ పత్రభాండాగారం వాటిని ఇంటర్నెట్లో ఉచితంగా ఉంచింది.

వెదకడానికి ముందు ఊరి పేరు తెలియాలి. అక్కడ అన్నిటికన్నా చిన్న హద్దును టౌన్‌ల్యాండ్ అంటారు. మన శివారు పల్లె వంటిది అనుకోండి. ఇవి అరవై వేలకు పైగా ఉన్నాయి. ఆ పేరు దొరికితే కుటుంబ పత్రం దొరుకుతుంది. 1901 మార్చి 31 రాత్రి, 1911 ఏప్రిల్ 2 రాత్రి ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో అందులో ఉంటుంది. పేరు, వయస్సు, మతం, వృత్తి, పుట్టిన జిల్లా, చదవను రాయను వచ్చునా, ఐరిష్ భాష వచ్చునా అన్నీ రాశారు. కుటుంబ పెద్ద సంతకం చేయాలి. చేతకానివాడు నిశాని పెట్టాడు. వందేళ్ల తరువాత ఆ నిశాని చూసి కంటతడి పెట్టుకునే మునిమనవళ్లు ఉంటారంటే ఆశ్చర్యం లేదు.

ఇంటికి వేరే పత్రం ఉంది. లెక్క రాసినవారు పోలీసులే. గోడ రాతిదో ఇటుకదో అయితే ఒక మార్కు, మట్టిదైతే సున్న. పైకప్పు పలకరాయి అయితే ఒకటి, గడ్డి అయితే సున్న. గదులు, ముందువైపు కిటికీలు కూడా కలిపి ఇంటిని నాలుగు తరగతుల్లో ఒకదానిలో వేశారు. ఆ స్థలం ఎవరిదో రాశారు. పశువుల కొట్టం, పందుల దొడ్డి, కోళ్ల గూడు కూడా లెక్కించారు. ఒక జాగ్రత్త చెప్పాలి. పల్లెల్లో ఆ కాగితం మీది ఇంటి నంబరు తలుపు నంబరు కాదు, పోలీసు రాసుకున్న వరుస సంఖ్య. అందుకే ఇరుగుపొరుగు పేర్లూ, స్థలం యజమాని పేరూ పట్టుకుని, 1847 నుండి 1864 వరకు జరిగిన గ్రిఫిత్ భూమి మదింపు పటాలతో సరిపోల్చి ఇంటి చోటును గుర్తిస్తారు.

వయస్సు దగ్గర చాలామంది తికమకపడతారు. 1901లో యాభై ఎనిమిదేళ్లున్న మనిషి 1911లో డెబ్బై దాటినట్టు కనబడవచ్చు. 1909 జనవరి నుండి డెబ్బై ఏళ్లవారికి వృద్ధాప్య పింఛను మొదలైంది. ప్రభుత్వం జననాలన్నీ నమోదు చేయడం 1864లో గాని మొదలుకాలేదు. కాబట్టి ముసలివారి దగ్గర రుజువు లేదు. అందరూ అబద్ధమాడారని అనకూడదు. తమ వయస్సు నిజంగా తెలియనివారూ ఎందరో ఉన్నారు.

1911లో పెండ్లయిన స్త్రీలను ఇంకో మాట అడిగారు. పెండ్లయి ఎన్నేళ్లు, ప్రాణంతో పుట్టిన పిల్లలు ఎందరు, ఇప్పుడు బ్రతికి ఉన్నవారు ఎందరు? ఒక తల్లి ఎదుట పది అనీ, పక్కన ఆరు అనీ ఉంటే, ఆ నలుగురి పేర్లు ఆ కాగితంలో లేవు. తీసివేతలో మిగిలిన అంకె మాత్రమే వారు. మేము ఈ గడి దగ్గర చాలాసేపు ఆగిపోయాం.

మరి అంతకు ముందు లెక్కలు ఏమయ్యాయి? 1861, 1871 కాగితాలను పట్టికలు తయారయ్యాక ప్రభుత్వమే నాశనం చేసింది. 1881, 1891 కాగితాలు మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గుజ్జయిపోయాయి. 1821 నుండి 1851 వరకు ఉన్నవి డబ్లిన్ నగరంలో భద్రంగానే ఉండేవి. అంతర్యుద్ధంలో 1922 జూన్ 30న ఆ భవనం పేలి, కొన్ని తునకలు తప్ప అన్నీ బూడిదయ్యాయి. అయినా ఒక వింత జరిగింది. పింఛను కోసం ముసలివారు తమ చిన్ననాటి పేరును 1841, 1851 లెక్కల్లో వెదికించుకున్నారు. ఆ దరఖాస్తులు మిగిలాయి. కాలిపోయిన పుస్తకాల్లోని కొన్ని కుటుంబాలు ఈనాడు మనకు తెలిసేది ఆ పేదల అర్జీల వల్లనే.

బరాక్ ఒబామా తల్లివైపు పూర్వీకుడు ఫాల్మత్ కెర్నీ 1850లో మనీగాల్ అనే పల్లెను విడిచి వెళ్లాడు. చెప్పులు కుట్టే వాని కుమారుడు. అతడు బాలుడుగా ఉన్నప్పటి జనాభా లెక్క కాలిపోయింది. వందల సంఘాల రిజిస్టర్లు కూడా అదే మంటలో పోయాయి. కాని ఆ ప్రాంతపు సంఘ రిజిస్టర్లు మిగిలాయి. 2007లో అక్కడి పాదిరి గారు వెదకగా కెర్నీ కుటుంబం కనబడింది. 2011 మే 23న అమెరికా అధ్యక్షుడు ఆ పల్లె వీధిలో నడిచాడు.

చెర నుండి తిరిగి వచ్చినవారిలో తమ వంశావళి చూపలేకపోయినవారి సంగతి ఎజ్రా గ్రంథం రెండవ అధ్యాయంలో ఉంది. రాత పోతే ఎంత నష్టమో వారికి తెలుసు. ప్రభుత్వం తన అవసరానికి లెక్క రాసింది, అవసరం తీరాక కొంత పారేసింది. పల్లెలో ఉండే మనం బాప్తిస్మపు రిజిస్టరు, పెండ్లి రిజిస్టరు, భూస్థాపన రిజిస్టరు శ్రద్ధగా రాద్దాం. ఇంటిపేరుతో, తల్లి పేరుతో, పల్లె పేరుతో పూర్తిగా రాద్దాం. ఒక నకలు వేరే చోట ఉంచుదాం. మూడు రోజులే బ్రతికిన బిడ్డకైనా ఒక వరుస కేటాయించి, ఆ తల్లి పెట్టుకున్న పేరు అడిగి రాద్దాం.